దోర్నపాల్‌లో ఆగని డబ్బు

భద్రాచలంలో పొద్దున్నే బయల్దేరితే దోర్నపాల్ చేరేలోగా మూడు రాష్ట్రాలు చూడొచ్చు. బస్సెక్కేది తెలంగాణలో. ఊరు దాటిన కాసేపటికే 2014 విభజనలో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన మండలాలు వస్తాయి. చింతూరు దాటి ఇంకాస్త ముందుకెళ్తే ఛత్తీస్‌గఢ్ తొలి పట్నం కోంటా. ఆ తర్వాత ఇంజరం, ఎర్రబోరు, ఆపైన దోర్నపాల్. కుడిచేతి వైపు శబరి నది, దాని అవతల ఒడిశా. అంతా కలిపి వంద కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు 221వ నంబరు, ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి.

ఈ దారి మా ఇంటికి అన్నం పెట్టింది. మా నాన్న 1980ల్లో దోర్నపాల్ సంతకు ఉప్పు, ఎండుచేపలు తీసుకెళ్లేవారు. వచ్చేటప్పుడు చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు తెచ్చేవారు. మానెడు ఉప్పిచ్చి మానెడు సారపప్పు కొలిపించుకున్న రోజులున్నాయని ఆయనే చెప్పేవారు. ఆ లెక్కలో ఎవరు గెలిచారో వేరే చెప్పనక్కర్లేదు. ఇవాళ మాది కిరాణా హోల్‌సేల్ వ్యాపారం. సరుకు పంపడానికి, బాకీలు వసూలు చేసుకోవడానికి నెలకోసారైనా అక్కడికి వెళ్తుంటాను. దోర్నపాల్‌కు న్యాయం జరగాలని నేను రాస్తుంటే అందులో మా కుటుంబం తీర్చాల్సిన బాకీ కూడా కొంత ఉందని ముందే ఒప్పుకోవడం మంచిది.

ఈమధ్య అక్కడ ఒక టైలరింగ్ దుకాణం ముందు కూర్చుని ఉన్నాను. ఆ దుకాణం నడిపే అమ్మాయికి ముప్ఫయ్యేళ్లుంటాయేమో. రెండో కుట్టుమిషన్ కొనడానికి అప్పు కోసం దరఖాస్తు నింపుతోంది. కోయ, హిందీ, తెలుగు మూడూ కలిసిన మాటల్లో అడిగింది: "అన్నా, ఇక్కడ శాశ్వత చిరునామా అంటున్నారు. ఏం రాయాలి?" జగర్‌గుండా దారిలోని ఒక ఊరి నుంచి 2006లో తల్లి చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్ల ఆమె. ఆ ఊళ్లో వాళ్ల ఇల్లు ఇప్పుడు లేదు. భూమి ఉంది. ఇక్కడ ఇల్లుంది. దాని కింది నేల ఎవరిదో చెప్పే కాగితం లేదు. ఇరవై ఏళ్లుగా ఉంటున్న చోటు తాత్కాలికం, ఇరవై ఏళ్లుగా లేని చోటు శాశ్వతం. నాకు వెంటనే సమాధానం తోచలేదు.

ఆ అమ్మాయి ప్రశ్నే దోర్నపాల్ సమస్య. మనిషి చిరునామా తేలకపోతే అప్పు పుట్టదు. పట్నం చిరునామా తేలకపోతే నిధులు రావు.

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసులే లేచారని ప్రభుత్వం చెప్పింది. ప్రభుత్వమే లేపిందని హక్కుల సంఘాలన్నాయి. వాదన ఎలా ఉన్నా ఊళ్లు ఖాళీ అయ్యాయి. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 50 వేల మంది రోడ్డు పక్క శిబిరాలకు చేరారు. కొందరు భయపడి వచ్చారు, కొందరిని తెచ్చారు. కోంటా ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద శిబిరాల్లో ఒకటి దోర్నపాల్‌లో వెలిసింది. చూస్తుండగానే శిబిరం జనం ఊరి జనాన్ని మించిపోయారు. వెదురు తడికెలు, టార్పాలిన్లు, రేషన్ వరుసలు. నెలకు 1,500 రూపాయలకు ప్రత్యేక పోలీసు అధికారులైన కుర్రాళ్లు. 2006 జులై 17న పక్కనే ఉన్న ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 30 మందికి పైగా చంపారు. శిబిరంలోనూ రక్షణ లేదని అప్పుడే తేలిపోయింది.

అదే ఊళ్ల నుంచి శిబిరాలకు కాకుండా దక్షిణానికి పరుగెత్తినవాళ్లు మా భద్రాచలం చుట్టుపక్కల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్లను గుత్తికోయలంటున్నాం. ఒకే ఊరి అన్నదమ్ముల్లో ఒకరు దోర్నపాల్‌లో శిబిరవాసిగా, మరొకరు గోదావరి జిల్లాల్లో వలసదారుగా మారిన కుటుంబాలు నాకు తెలుసు. ఇద్దరికీ చిరునామా సమస్యే.

2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమంది. ఆ ఉద్యమం ముగిసింది. జనం మాత్రం మిగిలారు. 2012 జనవరిలో దంతెవాడ నుంచి విడిపోయి సుక్మా జిల్లా ఏర్పడింది. ఇవాళ ఆ జిల్లాలో పట్టణాలుగా లెక్కకు వచ్చేవి మూడే: సుక్మా, కోంటా, దోర్నపాల్. సంత ఊరు శిబిరమై, శిబిరం నగర పంచాయతీ అయింది. పరిశ్రమ వచ్చి కాదు, రైలు వచ్చి కాదు. ఆ జిల్లాలో నేటికీ రైలు పట్టాలే లేవు. భయం పెంచిన పట్నమిది.

మరి ఇక్కడికి డబ్బు రాలేదా? వచ్చింది. అసలు విషయమంతా అక్కడే ఉంది.

దోర్నపాల్ నుంచి పడమటికి చీలే జగర్‌గుండా దారి చూడండి. యాభై కిలోమీటర్ల పైచిలుకు. పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్ ఆ దారిలోనివే. 2010 ఏప్రిల్ 6న 76 మంది జవాన్లు చనిపోయిన తాడ్‌మెట్ల అక్కడికి దగ్గరే. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు ఆ రోజు కాపలా కాస్తున్నది రోడ్డు పనికే. ఇంత నెత్తురు చిందించి వేసిన దారిని చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. 2006లో మూతపడిన జగర్‌గుండా బడి 13 ఏళ్ల తర్వాత 2019లో తెరుచుకుంది. దారి లేకపోతే అది సాధ్యమయ్యేది కాదు.

కానీ డబ్బు నడిచిన తీరు గమనించండి. వామపక్ష తీవ్రవాద ప్రాంతాల్లో రోడ్ల కోసం 2009లో 34 జిల్లాలకు ఒక పథకం వచ్చింది. 2016లో 44 జిల్లాలకు దాదాపు 11,725 కోట్ల రూపాయలతో మరొకటి వచ్చింది. రెండూ ఊరికీ ఊరికీ మధ్య ఉన్న దూరం మీద పెట్టిన ఖర్చే. ఊరి మీద పెట్టింది కాదు. రోడ్డు దోర్నపాల్‌లో మొదలవుతుంది. సిమెంటు లారీలు, రేషన్ లారీలు, బలగాల వాహనాలు దోర్నపాల్ మీదుగానే వెళ్తాయి. డబ్బు కూడా అలాగే దాని మీదుగా వెళ్తుంది. అక్కడ ఆగదు.

ఇంకోటుంది. 2010-11లో 60 వెనుకబడిన జిల్లాలకు సమగ్ర కార్యాచరణ ప్రణాళిక కింద తొలి ఏడాది 25 కోట్లు, మరుసటి ఏడాది 30 కోట్లు చొప్పున కేంద్రం ఇచ్చింది. అప్పటి దంతెవాడ అందులో ఉంది. ఆ డబ్బును ఎలా ఖర్చు చేయాలో నిర్ణయించే కమిటీలో ఎవరున్నారో తెలుసా? కలెక్టర్, ఎస్పీ, జిల్లా అటవీ అధికారి. ఓటేసి గెలిచినవాళ్లకు అందులో చోటు లేదు. కాగితాల మీద అది వేగంగా పని జరగడానికే. అయితే వీధిలో మురుగుకాలువ ఎటు పారాలో ఎస్పీ కంటే ఆ వీధివాళ్లకే బాగా తెలుస్తుంది. భద్రత కోసం ఇచ్చిన డబ్బు భద్రత కళ్లతోనే ఊరిని చూస్తుంది. దానికి దోర్నపాల్ ఒక కూడలి, ఒక స్థావరం. మనుషులు పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని కని, దుకాణాలు తెరుచుకుంటున్న పట్నంగా కనిపించదు.

భద్రత ఖాతాలో కాకుండా పట్టణాల ఖాతాలో నిధులు రావాలంటే దారి వేరే ఉంది. అది ఆర్థిక సంఘం గ్రాంటు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు దేశంలోని పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు సిఫార్సు చేసింది. రాష్ట్రాల మధ్య పంపకంలో 90 శాతం జనాభాకు, 10 శాతం విస్తీర్ణానికి లెక్క. ఏ జనాభా? 2011 జనాభా. ఆ ఏడాది బస్తర్‌లో లెక్కలవాళ్లు అడుగుపెట్టలేని ఊళ్లున్నాయి. శిబిరాల్లోని జనం వస్తూ పోతూ ఉన్నారు. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడి 2027 మార్చి 1కి మారింది. ప్రశాంతంగా పెరిగే పట్నానికి పదహారేళ్ల పాత లెక్కతో కొద్దిగా నష్టం. దోర్నపాల్ లాంటి చోట ఆ లెక్క మీద ఆధారపడితే నిన్నటి పిల్లలు, ఇవాళ్టి తల్లులు లెక్కలోకే రారు.

రెండో మెలిక పన్ను దగ్గర ఉంది. పట్టణాలు ఆ గ్రాంటు పొందాలంటే 2022-23 నుంచి రాష్ట్రం ఆస్తిపన్ను కనీస రేట్లు ప్రకటించి ఉండాలి, వసూళ్లు పెంచి చూపించాలి అన్నది షరతు. మంచి నియమమే. తన కాళ్ల మీద తాను నిలబడమనడంలో తప్పు లేదు. అయితే పన్ను కట్టాలంటే ముందు ఆస్తి ఉండాలి. ఆస్తి అనడానికి కాగితం ఉండాలి. శిబిరపు ఇంటికి పట్టా ఇవ్వకుండా, పన్ను కట్టని ఊరని వంక పెట్టడం ఎక్కడి న్యాయం? టైలరింగ్ దుకాణం అమ్మాయి పన్ను కడతానంటే తీసుకునే పద్దు తెరిచారా?

మూడో మెలిక ఇంకా లోతైంది. సుక్మా అంతా అయిదో షెడ్యూలు ప్రాంతం. రాజ్యాంగంలోని 243-జడ్‌సీ అధికరణ ప్రకారం, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేస్తే తప్ప మున్సిపాలిటీల భాగం షెడ్యూలు ప్రాంతాలకు వర్తించదు. పంచాయతీల కోసం 1996లో పెసా చట్టం వచ్చింది. పట్టణాల కోసం 2001లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. మా భద్రాచలం సంగతే చూడండి. 2011 లెక్కల్లోనే 50 వేల జనాభా దాటినా ఏళ్లతరబడి గ్రామ పంచాయతీగానే నడిచింది. ఛత్తీస్‌గఢ్‌లో దానికి పూర్తిగా తలకిందులు. దోర్నపాల్ నగర పంచాయతీ అయింది. అలా కాగానే పెసా ఇచ్చిన గ్రామసభ అధికారాలు పోయాయి. ఊరు పట్నమైతే కూలిపని హక్కూ పోతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టమైనా, 2025 డిసెంబర్‌లో దాని స్థానంలో వచ్చిన చట్టమైనా గ్రామాలకే. ఊరి హక్కులు పోయాయి, పట్నం సౌకర్యాలు రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

నిర్వాసితుల కోసం ప్రభుత్వం ఇంతకంటే ఏం చేయగలదని అడిగేవాళ్లను శబరి దాటి మల్కన్‌గిరి వెళ్లి చూడమంటాను. తూర్పు పాకిస్థాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల కోసం కేంద్రం 1958లో దండకారణ్య అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. ఎంవీ-1, ఎంవీ-2 అంటూ నంబర్లతో ఊళ్లు కట్టింది. సాగుభూమి ఇచ్చింది, ఇంటి స్థలమిచ్చింది, దారులు వేసింది. అందులో లోపాలున్నాయి. అది ఆదివాసుల నేల మీద ఆదివాసులను అడక్కుండా చేసిన పని. ఆ శరణార్థుల్లోనూ ఇమడలేక 1978లో బెంగాల్‌కు తిరిగి వెళ్లిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అయినా ఒక విషయం కాదనలేం. ఎక్కడి నుంచో తరిమివేతకు గురై వచ్చినవాళ్లు ఇక్కడ బతకబోతున్నారని, దానికి భూమీ కాగితమూ డబ్బూ కావాలని నాటి ప్రభుత్వం ఒప్పుకుంది. నదికి ఆ ఒడ్డున పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకు చేసిన పని, ఈ ఒడ్డున ఈ నేలవాళ్లకే ఎందుకు చేయలేదు?

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. నేను గౌరవించే మిత్రులే ఆ మాటంటారు. శిబిరాన్ని పట్నంగా తీర్చిదిద్దితే, జనాన్ని ఊళ్ల నుంచి ఖాళీ చేయించినవారి పనికి ముద్ర వేసినట్టు కాదా? వాళ్లు ఖాళీ చేసిన భూములు రేపు ఎవరి చేతికి పోతాయి? బైలదిల్లా ఇనుప ఖనిజం 1960ల నుంచి విశాఖ రేవుకు తరలిపోతున్న ప్రాంతంలో ఈ అనుమానాన్ని కొట్టిపారేయలేం. అసలు కావాల్సింది తిరిగి వెళ్లే హక్కు కదా అంటారు.

నిజమే. తిరిగి వెళ్లే హక్కే ముందు. కానీ హక్కంటే ఎంచుకునే వీలుండటం. ఊరి భూమి మీద పట్టా చెక్కుచెదరకుండా ఉంటేనే ఇక్కడ ఉండిపోవడం ఎంపిక అవుతుంది. ఇక్కడ మంచినీళ్లు, బడి, ఆస్పత్రి ఉంటేనే తిరిగి వెళ్లడం కూడా ఎంపిక అవుతుంది. రెండూ లేకపోతే అది గెంటివేతే. ఇక్కడ నీళ్లు లేకుండా చేసి జనాన్ని ఊళ్లకు పంపాలనుకోవడం, అక్కడ ఇళ్లు లేకుండా చేసి శిబిరానికి తెచ్చినదాని కంటే మెరుగేమీ కాదు. పైగా వెనక్కి వెళ్లినవాళ్లకూ దోర్నపాల్ కావాలి. సంతకు వచ్చేది అక్కడికే, బస్సెక్కేది అక్కడే, పిల్లలు పెద్ద చదువులకు ఆగేది అక్కడే. ఊళ్లలో బళ్లు పోయాక పిల్లల కోసం వెదురుతో కట్టిన పోర్టా కేబిన్ బడులు బస్తర్‌లో రోడ్ల పక్కన వెలిశాయి. దోర్నపాల్‌లోనూ ఉంది. వేల మంది పిల్లలకు అవి చదువు చెప్పాయి. కానీ అవి కొన్నాళ్ల కోసం కట్టినవి. 2024లో బీజాపూర్ జిల్లాలో అలాంటి హాస్టల్ ఒకటి తగలబడి చిన్నపాప చనిపోయింది. తాత్కాలికాన్ని శాశ్వతం చేస్తే ఎవరు మూల్యం చెల్లిస్తారో అది చెప్పింది.

ఏం చేయాలి? నేను అడిగేవి ఆకాశం నుంచి ఊడిపడాల్సినవి కావు.

మొదటిది, 2027 జనగణనలో ఇలాంటి పట్నాలను ప్రత్యేక శ్రద్ధతో లెక్కించాలి. శిబిరంలో ఎందరున్నారు, ఊళ్లకు ఎందరు వెళ్లారు, తెలంగాణ, ఆంధ్రాల్లో ఎందరున్నారు అన్నది మూడు రాష్ట్రాలు కలిసి తేల్చాలి. 16వ ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్ నుంచి అయిదేళ్లు. కొత్త లెక్క వచ్చాక కూడా పాత లెక్క మీదే డబ్బు పంచితే ఆ తలలు లెక్కించి ప్రయోజనం లేదు.

రెండోది, ఇంటి నేలకు పట్టా. దీనికి నమూనా దూరాన లేదు. మురికివాడల వాసులకు భూమి హక్కు కల్పిస్తూ ఒడిశా 2017లో చట్టం చేసింది. అది చిన్న పట్టణాలకూ వర్తిస్తుంది. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు. షెడ్యూలు ప్రాంతానికి సరిపోయే షరతు అదే. ఎందుకంటే పట్నం బాగుపడగానే నేల కొనడానికి ముందు వచ్చేది మాలాంటి వ్యాపారులే. ఆ తలుపు మూసే పట్టా ఇవ్వాలి. ఊళ్లోని పాత భూమి మీద హక్కు దీనివల్ల పోదని అదే కాగితంలో రాయాలి.

మూడోది, రోడ్డు మీద పెట్టే ప్రతి పథకంలో ఆ రోడ్డు మొదలయ్యే పట్నానికి ఒక వాటా. మంచినీటి పైపు, మురుగుకాలువ, కాన్పులు చేయగల ఆస్పత్రి, గట్టి గోడల బడి. పెద్ద జబ్బు చేస్తే ఇవాళ్టికీ భద్రాచలమో, జగ్దల్‌పూరో పరుగెత్తాలి. ఎటు చూసినా వంద కిలోమీటర్లు దాటిన దూరం. ఆ వాటా ఎలా ఖర్చు కావాలో ఎన్నికైన నగర పంచాయతీ నిర్ణయించాలి. షెడ్యూలు ప్రాంత పట్టణాల చట్టం పార్లమెంటులో మళ్లీ కదలాలి. పట్నమైనందుకు పోయిన కూలిపని హక్కు పట్నంలోనూ దొరకాలి.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకంటే, మావోయిస్టు సమస్య అంతానికి కేంద్రం 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. తుపాకుల మోత ఆగితే అందరికంటే సంతోషించేది దోర్నపాలే. కానీ ఇన్నాళ్లూ ఈ జిల్లాకు డబ్బు వచ్చింది తుపాకుల పేరు మీదే. సమస్య తీరిందని భద్రతా పద్దు మూసేసే రోజున మామూలు పద్దు తెరుచుకుని ఉండాలి. లేదంటే యుద్ధమప్పుడు స్థావరం, శాంతి వచ్చాక ఎవరికీ పట్టని రోడ్డు మలుపు, అంతే మిగులుతుంది.

ఆ రోజు ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. చివరికి శాశ్వత చిరునామా గడిలో తన పాత ఊరి పేరు రాసింది. ప్రస్తుత చిరునామా దగ్గర దోర్నపాల్ అని రాసి, వార్డు నంబరు వేసింది. "రెండూ నావే కదన్నా" అంది. అంతకంటే సరైన సమాధానం ఏ ఆర్థిక సంఘమూ చెప్పలేదు. ఆ రెండు గడులకూ ఆధారంగా చెరో కాగితం ఇవ్వడమే మిగిలింది. అది మాత్రం ఆమె చేతిలో లేదు.